ఇంజన్ దించే ముందు గేజీ పెట్టి చూడండి

అమలాపురం నుంచి ఒకరు అడిగారు: "మాది 2013 వ్యాగన్ ఆర్, పెట్రోల్. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. పికప్ తగ్గింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు మిస్సింగ్ కొట్టి తర్వాత సర్దుకుంటోంది. మెకానిక్ సౌండ్ విని, కంప్రెషన్ పోయింది, ఇంజన్ దించాలి అన్నాడు. కంప్రెషన్ నేనే ఇంటి దగ్గర చూసుకోవచ్చా? ఎంత ఉండాలి?"

చూసుకోవచ్చండీ. రెండు వేల లోపు దొరికే గేజీ (సిలిండర్‌లో నలిగే గాలి ఒత్తిడి కొలిచేది), ప్లగ్ స్పానర్, సెల్ఫ్ కొట్టడానికి పక్కన ఒక మనిషి ఉంటే గంటలో తేలిపోయే పని. మంచి స్థితిలో ఉన్న పెట్రోల్ ఇంజన్‌కి ఒక్కో సిలిండర్‌లో మామూలుగా 150 నుంచి 200 పీఎస్‌ఐ (టైరు గాలి కొలిచే లెక్కే) మధ్య వస్తుంది. అయితే ఎంత వచ్చింది అన్నదానికంటే సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా ఎంత అన్నదే ఎక్కువ చెబుతుంది. మీ బండికి మూడు సిలిండర్లు. మూడూ 155 దగ్గర ఉంటే నేను ఇంజన్ జోలికి పోకుండా వేరే చోట వెతుకుతాను. 180, 178, 125 వస్తే మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

మా షెడ్డు భీమవరం పక్కన. పాతికేళ్ల కిందట నేను పని మొదలుపెట్టింది చెరువు గట్ల మీద నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ల దగ్గర. హ్యాండిల్ వేసి తిప్పే రకం. పైన చిన్న లివర్ ఉండేది. అది ఎత్తి పట్టుకుంటే వాల్వు మూసుకోదు, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకున్నాక లివర్ వదిలితే చేతికి ఎదురు తన్నుతుంది. ఆ ఎదురు తన్నే బలమే కంప్రెషన్. ఇంజన్ అరిగేకొద్దీ లివర్ వదిలినా హ్యాండిల్ మెత్తగా తిరిగిపోయేది. మా గురువుగారు రెండు చుట్లు తిప్పి, పిస్టన్ చుట్టూ గాలి కారకుండా ఆపే రింగులు అరిగాయని పసిగట్టి "రింగులు తెప్పించరా" అనేవారు. ఒక్కటే సిలిండర్ కాబట్టి ఆ లెక్క కుదిరింది. కారులో మూడో నాలుగో ఉంటాయి. ఏది బాగుందో ఏది నీరసంగా ఉందో చేతికీ చెవికీ అందదు. సౌండ్ విని కంప్రెషన్ పోయిందనడం నా వల్ల కాదు.

గేజీ సంగతి ముందు. ప్లగ్ కన్నంలో రబ్బరు కోన్ పెట్టి చేత్తో నొక్కి పట్టుకునే రకం వద్దు. మీ ఇంజన్‌లో ప్లగ్గులు లోతుగా గోతుల్లో ఉంటాయి, దానికి అది అందదు. మర బిగించే పొడుగు గొట్టం రకం తీసుకోండి. దాంతో రెండు మూడు సైజుల అడాప్టర్లు వస్తాయి. పాత ప్లగ్గు ఒకటి పక్కన పెట్టి మర సరిపోల్చాకే వాడండి. హెడ్, అంటే సిలిండర్ల పైన బిగించే మూత, అల్యూమినియంది. తప్పు మర బలవంతంగా తిప్పితే కంప్రెషన్ చూడబోయి హెడ్ మార్చుకున్నట్టవుతుంది. మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిరగాలి, స్పానర్ తర్వాత.

గొట్టం చివర టైరు ట్యూబులో ఉండే పిన్ లాంటిది ఉంటుంది. చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా స్ప్రింగు మెత్తన. అది పోతే పంక్చర్ షాపులో పిన్ను తెచ్చి వేసేస్తారు కొందరు. టైరు పిన్ను స్ప్రింగు గట్టిది, అది తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి పోతుంది. గేజీ తక్కువ చూపిస్తుంది. మంచి ఇంజన్ మీద నింద పడుతుంది.

గేజీ మీద రెండు వరసల అంకెలుంటాయి. షెడ్లలో "పన్నెండు కేజీలు వచ్చింది" అంటే చదరపు సెంటీమీటరుకి 12 కేజీలని. ఒక కేజీ అంటే సుమారు 14.2 పీఎస్‌ఐ, కాబట్టి 12 కేజీలంటే 170.

ఇక పని. బండిని పది పదిహేను నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగితే చాలు. సలసల కాగుతున్నప్పుడు ప్లగ్గులు విప్పితే మర ఊడొచ్చే ప్రమాదం ఉంది, ఒక పావుగంట ఆగండి. అసలు స్టార్టే కాని బండి అయితే చల్లగానే చూడొచ్చు. అప్పుడు అంకెలు కాస్త తక్కువగా వస్తాయి, తేడాలు మాత్రమే పట్టించుకోండి.

ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి స్టార్ట్ చేస్తే గొట్టాల్లో ఉన్న పెట్రోల్ అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. తర్వాత కీ తీసేసి, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్ సాకెట్లు ఊడదీసి పక్కన పెట్టండి. ఈ రెండూ చెయ్యకుండా సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్ కన్నాల్లోంచి పెట్రోల్ ఆవిరి పైకి చిమ్ముతుంది, పక్కనే కాయిల్ నిప్పురవ్వ వేస్తుంది. ఆ కన్నాల మీదకి ముఖం వంచకండి కూడా.

ప్లగ్గులు తీసేముందు గోతుల్లో గాలి కొట్టండి. మన ఊళ్లలో కోతలప్పుడు, నూర్పిళ్లప్పుడు రేగే దుమ్మంతా అక్కడే చేరుతుంది. ప్లగ్గు ఊడగానే అది నేరుగా బోరులోకి, అంటే సిలిండర్ లోపలికి దిగుతుంది. తర్వాత అన్ని ప్లగ్గులూ ఒకేసారి తీసెయ్యండి. ఒక్కటి తీసి, మిగతావి ఉంచి చూస్తే ఇంజన్ బరువుగా తిరుగుతుంది, అంకె సరిగా రాదు. తీసిన ప్లగ్గుల్ని సిలిండర్ వరసలోనే పేర్చండి. ఏ ప్లగ్గు నల్లగా, ఏది నూనె కారుతూ, ఏది మరీ కడిగినట్టు తెల్లగా ఉందో అదీ ఒక సాక్ష్యమే.

గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. ఒక ప్లగ్ కన్నంలో గేజీ బిగించాక, లోపల కూర్చున్న మనిషి యాక్సిలరేటర్ నేలకి తొక్కి పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ముల్లు టప్ టప్ అని మెట్లెక్కుతుంది. ఒక్కో సిలిండర్‌కి ఆరు దెబ్బలు లెక్కపెట్టి ఆపండి. ఒకదానికి నాలుగు, ఇంకోదానికి తొమ్మిది కొడితే పోల్చి లాభం లేదు. మొదటి దెబ్బకి ముల్లు ఎక్కడికి లేచింది, చివరికి ఎక్కడ ఆగింది, రెండూ కాగితం మీద రాయండి. సెల్ఫ్ మోటారుకి మధ్యమధ్య కాస్త విశ్రాంతి ఇవ్వండి.

యాక్సిలరేటర్ గురించి నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. సొంతంగా షెడ్డు పెట్టిన కొత్తలో ఆకివీడు వైపు నుంచి ఒక రొయ్యల రైతు కారు తెచ్చారు. నాలుగు సిలిండర్లూ 105, 110 మధ్య ఉన్నాయి. "అన్నీ సమానంగా అరిగిపోయాయండీ, రింగులు మార్చాలి" అని గట్టిగా చెప్పేశాను. ఆయన డబ్బు కోసం ఫోన్లు చేసుకుంటున్నారు. నేను హెడ్ విప్పడానికి సిద్ధమవుతుంటే మా కుర్రాడు నెమ్మదిగా "యాక్సిలరేటర్ తొక్కమని చెప్పలేదు కదన్నా" అన్నాడు. గాలి వెళ్లే దారి మూసి ఉంచి కంప్రెషన్ లేదంటున్నాను. తొక్కించి చూస్తే నాలుగూ 165 దాటాయి. ఆ రైతుకి అసలు కారణం చెప్పి టీ తాగించి పంపాను. కొన్ని బండ్లలో యాక్సిలరేటర్‌కి కేబుల్ ఉండదు, ఎలక్ట్రానిక్. అలాంటివాటిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు త్రోటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలోని మూత) పూర్తిగా తెరుచుకుంటుందో లేదో గాలి గొట్టం ఊడదీసి కంటితో చూసుకోండి.

అన్నీ సమానంగా తక్కువ వస్తే బ్యాటరీని కూడా అనుమానించాలి. సెల్ఫ్ నీరసంగా గుర్... గుర్... అంటే ఏ ఇంజన్ అయినా తక్కువే చూపిస్తుంది. నిమిషానికి 200, 250 చుట్లైనా తిరగాలి. మన నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి, రొయ్యల చెరువుల మీద తిరిగే బండ్లకి బ్యాటరీ బాగున్నా ఎర్త్ వైరు పాడవుతుంది. బాడీకి బిగించిన చోట బోల్టు కింద పచ్చగా చిలుము పడుతుంది. విప్పి ఎమరీ కాగితంతో గీకి బిగిస్తే, అంతకుముందు 130 చూపించిన ఇంజనే 155 చూపించడం నేను చాలాసార్లు చూశాను.

సరే, ఇప్పుడు మీ చేతిలో అంకెలున్నాయి. అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ తేడా పది, పదిహేను శాతం లోపు ఉంటే నేను గాభరా పడను. కంపెనీ పుస్తకాలు చాలావాటిలో ఇంకా కచ్చితంగా ఉంటాయి, ఒక కేజీకి మించి తేడా ఉండకూడదంటాయి. ఏదైనా సిలిండర్ 100 దగ్గరికి పడిపోతే అది పనిచేస్తున్నట్టు లెక్క కాదు. అలాగే అన్నీ 210, 220 వచ్చాయని సంబరపడకండి. పిస్టన్ల మీద మసి పేరుకుని లోపల చోటు తగ్గినా అలాగే వస్తుంది. అరకులో ఉన్న మీ బంధువు బండితో పోల్చుకోకండి కూడా. అక్కడ ఎత్తుకి గాలి పలచన, అదే ఇంజన్ పది శాతం దాకా తక్కువ చూపిస్తుంది. మనది సముద్రం ఒడ్డు, గాలి నిండుగా దొరుకుతుంది.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్ కన్నం గుండా ఒక చిన్న చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, నాలుగు చుట్లు తిప్పి మళ్లీ గేజీ పెట్టండి. చెంచాడంటే 5 మిల్లీలీటర్లే. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందుల్ని మూస్తుంది. అంకె బాగా లేస్తే రింగులో బోరో అరిగినట్టు. లేవకపోతే వాల్వు దగ్గర, లేదా హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ దగ్గర కారుతున్నట్టు. మొదట రాసుకున్న దెబ్బలు ఇక్కడ పనికొస్తాయి. రింగులు అరిగిన సిలిండర్ మొదటి దెబ్బకి 50, 60 దగ్గర మొదలై దెబ్బ దెబ్బకీ కొంచెం కొంచెం ఎక్కుతూ పోతుంది. వాల్వు కారేది మొదటి దెబ్బకీ తక్కువే, తర్వాతా పెద్దగా ఎక్కదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందని ముందు అనుమానించాలి. అన్నీ పడిపోతే, బ్యాటరీ, యాక్సిలరేటర్ సరిగానే ఉంటే, వాల్వుల్ని వేళకి తెరిపించే టైమింగ్ చైనో బెల్టో పన్ను జారిందేమో చూడాలి.

రింగుల అరుగుదలకి మన వైపు ప్రత్యేకంగా ఒక కారణం ఉంది. తణుకు వైపు ఒక రైస్ మిల్లులో రోజంతా నిలబడే కారు ఒకటి మా దగ్గరికి వచ్చింది. తిరిగింది డెబ్బై వేలు కూడా లేదు. మూడు సిలిండర్లూ 115, 110, 118. ఆయిల్ పోస్తే మూడూ 150 దాటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఫిల్టర్ చిరిగి, గాలి గొట్టంలో బూడిద రంగు పొడి వేలికి అంటింది. ఊక బూడిదలో సిలికా ఎక్కువ. ఇసుకతో బోరుని తోమినట్టే. ఆ బండికి మాత్రం ఇంజన్ దించక తప్పలేదు.

దీనికి తిరగబడ్డ కేసు ఒక పాత ఓమ్నీ, గ్యాస్ మీద నడిచేది. ఒక సిలిండర్ 90, ఆయిల్ పోసినా 95. వాల్వే అని తేలింది, హెడ్ దించడానికి ఓనరు కూడా ఒప్పేసుకున్నాడు. గ్యాస్ బండ్లలో వాల్వు సీట్లు త్వరగా అరిగి వాల్వు పైకి వస్తుంది, దాంతో ట్యాపెట్ సందు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే ఖాళీ) తగ్గిపోయి వాల్వు పూర్తిగా కూర్చోదు. అది గుర్తొచ్చి ముందు ట్యాపెట్లు సెట్ చేశాను. 90 ఉన్నది 150 దాటింది. సీటు అరిగింది కాబట్టి ఎప్పటికైనా హెడ్ పని ఉంటుందని చెప్పే పంపాను, కానీ ఆ రోజుకి ఖర్చు ట్యాపెట్ కూలీయే. అందుకని వాల్వు అని తేలగానే హెడ్ దించకండి, ట్యాపెట్ సందు కొలిపించండి.

ఆయిల్ పరీక్షకి కూడా దొరకని జబ్బు ఒకటుంది. వరద ప్రాంతం వాళ్లు తప్పక తెలుసుకోవాలి. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక కూడా దాటిపోయింది, గుర్తుండే ఉంటుంది. నీళ్లు తీస్తున్న రోజుల్లో పి.గన్నవరం వైపు ఒక లంక కాజ్‌వే మీద ఒకాయన తొందరపడి కారు దింపేశారు. మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. ఆగాక మళ్లీ రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టారు. ఎవరో ప్లగ్గులు తీసి నీళ్లు బయటికి కొట్టించి, ఆయిల్ మార్చి స్టార్ట్ చేసి ఇచ్చారు. నడుస్తోంది, కానీ వణుకు. మా దగ్గర గేజీ పెడితే 178, 176, 138, 179. మూడో దానికి ఆయిల్ పోసినా పెద్దగా కదల్లేదు. వాల్వు అనుకుని గాలి ఎక్కించి చూస్తే ఎక్కడా కారడం లేదు. కారకుండా కంప్రెషన్ ఎలా తగ్గుతుంది? రాత్రంతా అదే ఆలోచన.

పొద్దున్నే పెరట్లో కొబ్బరి ఈనె ఒకటి చీల్చి తెచ్చాను. మెత్తనిది, పిస్టన్ మీద గీత పడదు. ఒక్కో సిలిండర్‌లో ప్లగ్ కన్నం గుండా ఈనె దింపి, ఇంజన్ని స్పానర్‌తో నెమ్మదిగా తిప్పి పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోట కన్నం అంచు దగ్గర గోటితో గీత పెట్టాను. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్ల గీతలు ఒకేచోట పడ్డాయి. మూడోదాని గీత రెండు మిల్లీమీటర్లు పైన పడింది. అంటే అక్కడ పిస్టన్ అంత కిందే ఆగిపోతోంది. నీళ్లు నలగవు కదా, పైకొచ్చే పిస్టన్ నీళ్లని గుద్ది, దాన్ని కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్డు వంగింది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. పిస్టన్ పైన మిగిలే చోటే ఏడెనిమిది మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది, అందులో రెండు పెరిగితే నలభై పీఎస్‌ఐ పోవడం వింత కాదు. అలాగే తిప్పి ఉంటే ఏదో ఒక రోజు రాడ్డు విరిగి బ్లాకు పగిలేది. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి, తోసి గట్టెక్కించండి.

గాలి ఎక్కించడం అన్నాను కదా, అది కూడా మీకు పనికొస్తుంది. తక్కువ వచ్చిన సిలిండర్‌ని వాల్వులన్నీ మూసుకుని పిస్టన్ పైకొచ్చిన స్థితికి తెచ్చి, బండి గేరులో వేసి, చక్రాలకి రాళ్లు పెట్టి, గేజీ గొట్టంలో పిన్ను తీసేసి దాని గుండా పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి 30, 40 పీఎస్‌ఐ మాత్రమే వదలండి. ఇంజన్ కదిలే అవకాశం ఉంది, బెల్టు దగ్గర చేతులు పెట్టకండి. తర్వాత చెవి పెట్టి వినడమే. ఆయిల్ పోసే మూత దగ్గర గట్టిగా ఉస్‌స్ అంటే రింగులు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. గాలి ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌లెట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. ఆయిల్ మూత దగ్గర కొద్దిపాటి శబ్దం మంచి ఇంజన్‌కీ ఉంటుంది.

డీజిల్ బండ్ల వాళ్లు ఈ సమాధానం చదివి ఇదే గేజీ వాడకండి. డీజిల్‌లో 350, 400 పైన వస్తుంది, పెట్రోల్ గేజీ పగులుతుంది. దానికి వేరే గేజీ, హీటర్ ప్లగ్గో ఇంజెక్టరో తీసిన కన్నంలో పెట్టాలి. ఆ హీటర్ ప్లగ్గులు తీసేటప్పుడు విరిగితే అదో నరకం. చెంచాడు ఆయిల్ పోసే పరీక్ష డీజిల్‌కి అసలు వద్దు. పైన మిగిలే చోటు చాలా తక్కువ, పోసిన ఆయిలే అంకెను పెంచేస్తుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. అది తెలిసిన షెడ్డుకే వదిలేయండి.

ఇక మీ వ్యాగన్ ఆర్. పొద్దున్న రెండు నిమిషాలు మిస్సింగ్ కొట్టి సర్దుకోవడం నాకు రింగుల్లా అనిపించడం లేదు. గేజీ కొనేముందే రెండు పనులు చెయ్యండి. మిస్ అవుతున్న సిలిండర్ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి మర్నాడు పొద్దున్నే చూడండి. మిస్సింగ్ కూడా పక్కకి మారితే కాయిలే దోషి. రెండోది, సాయంత్రం ఇంజన్ చల్లారాక కూలెంట్ డబ్బాలో గీత పెట్టి వారం రోజులు గమనించండి. బయట ఎక్కడా కారకుండా మట్టం దిగుతూ, పొద్దున్న మొదటి స్టార్ట్‌కి తెల్లపొగ కూడా వస్తుంటే రాత్రంతా కూలెంట్ చుక్క చుక్కగా సిలిండర్‌లోకి దిగుతోందని. ఈ చిన్న లీకు కంప్రెషన్ గేజీకి ఒక్కోసారి అందదు, మూడూ బాగానే చూపిస్తాయి. అప్పుడు పైన చెప్పిన రేడియేటర్ బుడగల పరీక్షే దిక్కు. పికప్ సంగతికి ఎయిర్ ఫిల్టర్, క్లచ్ జారడం కూడా చూడండి.

ఇవన్నీ చూసి గేజీ పెట్టాక మూడు సిలిండర్ల అంకెలూ రాయండి. ఒక్కోదానికి మొదటి దెబ్బ, ఆరో దెబ్బ, ఆయిల్ పోశాక వచ్చినది. ఇంజన్ వేడిగా ఉందా, సెల్ఫ్ చురుగ్గా తిరిగిందా అన్నదీ చెప్పండి. ఈలోగా మీ మెకానిక్ గారిని కలిస్తే గొడవ పెట్టుకోకుండా ఒక్క మాట అడగండి: "ఏ సిలిండర్ ఎంత చూపించిందండీ?"